ఐదు పౌండ్ల పాండిత్యం

ఖరీదైన వస్తువు కొన్నవాడు దాని ధర చెప్పుకుని గొప్పలు పోవడం ఎప్పటినుంచో ఉన్నదే గాని, ఆ వస్తువు ఎంత చౌకగా దొరికిందో చెప్పుకుని అంతకు రెట్టింపు గొప్పలు పోయే విద్య మాత్రం ఇటీవలిది. బ్రిటన్ మధ్యతరగతి భోజనాల బల్లల దగ్గర అది ఒక శాస్త్రంగా స్థిరపడింది. ఈ శాస్త్రానికి గుడి డిస్కౌంట్ సూపర్‌మార్కెట్, మూలవిరాట్టు ఐదారు పౌండ్ల వైన్ సీసా. డిస్కౌంట్ సూపర్‌మార్కెట్ అంటే ఆషాఢంలో బట్టల దుకాణాలు కట్టే తగ్గింపు తోరణాల వంటిది కాదు. పెద్ద అంగడిలో ఇరవై ముప్ఫై వేల రకాల సరుకు ఉండే చోట రెండు వేల రకాలతో సరిపెట్టి, వాటిలో అధికభాగాన్ని సొంత పేర్లతో తయారు చేయించుకుని, అట్టపెట్టెల మూతలు చించి అలాగే అరల్లోకి నెట్టి, సిబ్బందినీ అలంకారాన్నీ కుదించి, అలా మిగిలినదానిలో కొంత కొనేవాడికి ధరలో చూపించే అంగడి అది.

ఈ పద్ధతి పుట్టినిల్లు జర్మనీ. ఎస్సెన్ నగరంలో 1913లో తల్లి తెరిచిన చిన్న దుకాణాన్ని కార్ల్, థియో అల్బ్రెక్ట్ సోదరులు పెంచి పెద్దచేసి, ఇంటిపేరు మొదటి అక్షరాలకు డిస్కౌంట్ అన్న మాట మొదలును అతికించి ఆల్డి అని పేరు పెట్టారు. 1960ల ఆరంభంలో సిగరెట్లు అమ్మాలా వద్దా అన్న తగువు మీద అన్నదమ్ములు వేరుపడి జర్మనీని ఉత్తరం, దక్షిణం అని పంచుకున్నారని ప్రతీతి. దాని ప్రత్యర్థి లిడ్ల్ కథ ఇంకా ముచ్చటైనది. యజమానుల ఇంటిపేరు ష్వార్జ్, అంటే నలుపు. అంగడికి జర్మన్ మాట మార్క్ట్. రెండూ కలిపి బోర్డు కడితే అది సాక్షాత్తు నల్లబజారు అవుతుంది గనుక, లుడ్విగ్ లిడ్ల్ అనే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి వెయ్యి మార్కులిచ్చి ఆయన పేరు వాడుకునే హక్కు కొనుక్కున్నారు. సొంత పేరునే చౌకలో కొన్న సంస్థ వైన్ విషయంలో మొహమాటపడుతుందని ఎవరూ ఆశించనక్కరలేదు.

ఆల్డి 1990లో బర్మింగ్‌హామ్‌లోని స్టెచ్‌ఫర్డ్‌లోనూ, లిడ్ల్ 1994లోనూ బ్రిటన్‌లో అడుగుపెట్టినప్పుడు అక్కడ సరుకు కొనడం కొంత గుట్టుగా సాగవలసిన వ్యవహారం; సరుకు ఆ అంగడిదైనా సంచి మాత్రం పేరున్న మరో అంగడిది కావడం ఉత్తమ గృహస్థధర్మం. 2008 ఆర్థిక సంక్షోభం ఆ గుట్టును విప్పేసింది. జీతం బిగుసుకున్న ఉద్యోగి తొలుత అవసరం కొద్దీ వెళ్లి, తరువాత అలవాటు కొద్దీ వెళ్లి, చివరకు అదే తన వివేకానికి నిదర్శనమని కనిపెట్టాడు. 2022 నాటికి ఆల్డి బ్రిటన్‌లో నాలుగో పెద్ద సూపర్‌మార్కెట్ అయింది. పూర్వం అతిథులు రాకముందే వైన్‌ను గాజు కూజాలోకి వంచి సీసాను చెత్తబుట్టలో దాచిన గృహస్థు, ఇప్పుడు అదే సీసా లేబుల్‌ను అతిథుల వైపు తిప్పి పెట్టి, ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తాడు. ఎవరూ అడగకపోతే తానే ధర ప్రస్తావన ఎత్తుకుంటాడు.

ఆయన సగర్వంగా ప్రకటించే ఆ ఐదు పౌండ్లు ఎక్కడికి పోతున్నాయో లెక్క కట్టడం ఈ శాస్త్రంలో నిషిద్ధం కాబట్టి, ఆ పని ఇక్కడ చేయక తప్పదు. బ్రిటన్‌లో వైన్ మీద రెండు పన్నులున్నాయి. మొదటిది ఎక్సైజ్ సుంకం, అంటే సీసాలోని మద్యసారం పరిమాణాన్ని బట్టి, వైన్ మంచిదా చెడ్డదా అన్న విచారణ లేకుండా వేసేది. 2025 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన రేటు ప్రకారం లీటరు శుద్ధ మద్యసారానికి 29.54 పౌండ్లు కాగా, 12.5 శాతం బలమున్న 75 సెంటీలీటర్ల సీసాకు అది 2.77 పౌండ్లవుతుంది. రెండోది 20 శాతం వ్యాట్. ఇది సరుకు మీదే కాక సుంకం మీద కూడా పడుతుంది గనుక, పన్నుకు పన్ను కట్టే భాగ్యం కూడా వైన్ ప్రియుడికి దక్కుతుంది. ఐదు పౌండ్లలో వ్యాట్ 83 పెన్నీలు, సుంకం 2.77 పౌండ్లు పోగా మిగిలేది ఒక పౌండు 40 పెన్నీలు. ఆ 140 పెన్నీల్లోనే సీసా, మూత, లేబుల్, అట్టపెట్టె, ఓడ కిరాయి, లారీ కిరాయి, అంగడివాడి లాభం అన్నీ ఇమడాలి. ఇవన్నీ పంచుకున్నాక అడుగున మిగిలే చిల్లరకు ద్రాక్ష పండించిన రైతు, దాన్ని పులియబెట్టిన వైన్ తయారీదారు హక్కుదారులు. చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదులో అనే మాటకు ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ దొరకదు. ఆ గృహస్థు అతిథులకు పోస్తున్నది ప్రధానంగా బ్రిటిష్ ఖజానా. ద్రాక్షరసం అందులో వాసనకు వేసిన ఇంగువ పాటిది.

ఇదే లెక్క పది పౌండ్ల సీసాకు వేస్తే శాస్త్రం పునాదే కదులుతుంది. సుంకం మారదు, వ్యాట్ 1.67 పౌండ్లవుతుంది, మిగిలేది 5.56 పౌండ్లు, అంటే ధర రెండింతలు చేస్తే సీసాలోకీ దాని చుట్టుపక్కలకూ వెళ్లే సొమ్ము దాదాపు నాలుగింతలవుతుంది. పొదుపే పరమార్థమైతే తక్కువ సీసాలు కొని, సీసాకు మూడు నాలుగు పౌండ్లు ఎక్కువ పెట్టడమే గిట్టుబాటు బేరమని అంకగణితం ఎలుగెత్తి చెబుతోంది. అయితే ఎనిమిదిన్నర పౌండ్లకు మంచి వైన్ దొరికిందన్న వాక్యంలో వీరరసం పలకదు గనుక చౌకపండితులు ఆ మాట చెవిన వేసుకోరు. తయారీదారులు మాత్రం వేసుకున్నారు. బలం అర శాతం తగ్గితే సీసాకు 11 పెన్నీల సుంకం తగ్గుతుందని గ్రహించి, కొన్ని చౌక వైన్లను 11 శాతం దాకా దించారు. పాలవాడు నీళ్లు కలిపితే మోసమంటారు, వైన్‌వాడు బలం తగ్గిస్తే తేలికపాటి నవీన శైలి అంటారు. స్కాట్లాండ్‌లో ఈ ఐదు పౌండ్ల వీరత్వానికి చట్టమే అడ్డు: పది మిల్లీలీటర్ల శుద్ధ మద్యసారాన్ని ఒక యూనిట్‌గా లెక్కించి, యూనిట్‌కు కనీస ధర 65 పెన్నీలని 2024 సెప్టెంబరు నుంచి నిర్ణయించడంతో, 13 శాతం సీసాను అక్కడ 6.34 పౌండ్లకు తక్కువగా అమ్మరాదు.

సీసా ధరలో సరుకు వంతు ఎంత, సర్కారు వంతు ఎంత అన్న ఈ ప్రశ్న తెలుగువారికి కొత్తది కాదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏ ఊరికి వెళ్లినా వైన్స్ అన్న బోర్డు కనిపిస్తుంది గాని, ఆ బోర్డు కింద నిలబడి వైన్ అడిగినవాడిని కొట్టువాడు ఎగాదిగా చూసి బ్రాందీ క్వార్టర్ అందించే అవకాశమే ఎక్కువ. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ కొత్త విధానం 180 మిల్లీలీటర్ల మద్యం సీసాను 99 రూపాయలకు అందుబాటులోకి తెచ్చినప్పుడు మందుబాబుల మధ్య జరిగిన చర్చల్లో బ్రిటిష్ భోజనాల బల్లకు తీసిపోని అర్థశాస్త్రం వినిపించింది. తేడా ఏమిటంటే ఇక్కడ ఎవరూ అందులో బ్లాక్‌బెర్రీ పరిమళం వెతకలేదు.

పతకాల సంగతికి వస్తే, డిస్కౌంట్ అరల్లో బంగారు, వెండి బిళ్లలు అంటించని సీసాను పట్టుకోవడానికే కొంత శ్రమపడాలి. పతకం అంటే పోటీకి రుసుము కట్టి పంపిన వైన్లను న్యాయనిర్ణేతలు లేబుల్ చూడకుండా రుచి చూసి ఇచ్చే గుర్తింపు. పంపనివి ఓడవు, పంపినవాటిలో గణనీయమైన భాగం ఏదో ఒక లోహంతో తిరిగివస్తుంది. ఏకోపాధ్యాయ పాఠశాలలో వార్షికోత్సవ బహుమతుల వ్యవహారం ఎరిగినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 2023లో బెల్జియంలోని ఫ్రెంచి టీవీ వినియోగదారుల కార్యక్రమం ఒకటి, రెండున్నర యూరోల సూపర్‌మార్కెట్ వైన్ సీసాకు షాటో కొలంబియే అన్న కల్పిత లేబుల్ అంటించి ఒక అంతర్జాతీయ పోటీకి పంపగా, అది బంగారు పతకంతో తిరిగివచ్చింది. ఆ కార్యక్రమం పేరుకు అర్థం ‘మేం పావురాలం కాదు’. ఫ్రెంచి వాడుకలో పావురమంటే సులువుగా మోసపోయేవాడు, కొలంబియే అంటే పావురాల గూడు. లేబుల్ మీదే నిజం రాసి పంపినా న్యాయనిర్ణేతలు చదవలేదని నిందించడానికి వీల్లేదు, ఎందుకంటే లేబుల్ చూడకపోవడమే వారి ధర్మం.

అమెరికాలో ఇదే విషయం మీద కొంత సవ్యమైన పరిశోధన జరిగింది. థియో అల్బ్రెక్ట్ 1979లో కొన్న ట్రేడర్ జోస్ దుకాణాల్లో 2002 నుంచి చార్ల్స్ షా అనే వైన్‌ను 1.99 డాలర్లకు అమ్మారు. జనం దానికి రెండు రూపాయల బాబాయి అన్నంత చనువుతో టూ బక్ చక్ అని ముద్దుపేరు పెట్టారు. ఆ పేరు కూడా నాపా లోయలో చేతులెత్తేసిన ఒక వైనరీ నుంచి ఫ్రెడ్ ఫ్రాంజియా అనే వ్యాపారి కొనుక్కున్నదే. దాని షార్డనే రకం తెల్ల వైన్ 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో షార్డనేలన్నిటిలోకీ ఉత్తమమైనదన్న పురస్కారం గెలుచుకోగా, చౌకపండితులకు అది రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది. అదే పోటీ న్యాయనిర్ణేతలను పరీక్షించిన పరిశోధకుడు రాబర్ట్ హాడ్జ్‌సన్, ఒకే సీసాలోని వైన్‌ను వారికి తెలియకుండా మూడుసార్లు పోయించి, మూడుసార్లూ నిలకడగా మార్కులు వేసినవారు పదిమందిలో ఒకరికి మించరని 2008లో ప్రకటించాడు. పతకం గెలిచిన సంగతిని లేబుళ్ల మీద వేసుకోవచ్చు గాని, ఈ రెండో సంగతికి అక్కడ చోటు చాలదు.

లేబుల్ పఠనం ఈ శాస్త్రంలో ఉన్నత పట్టా. సొంత లేబుల్ వైన్ అంటే అంగడివాడే పేరు కల్పించి, ఎక్కడో ఉన్న పెద్ద ఉత్పత్తిదారుతో నింపించుకున్నది. కోట బొమ్మ, వంశచిహ్నం, వాలు అక్షరాలు ఉన్నంత మాత్రాన ఆ కోటలో ఎవరైనా ఎప్పుడైనా కాపురమున్నారని కాదు. ఫ్రెంచి సీసాల మీద నింపినవారి పేరుకు బదులు కొన్నిసార్లు ఒక కోడ్ ఉంటుంది. దాని మొదటి రెండంకెలు జిల్లాను సూచిస్తాయి కాబట్టి 33 కనబడితే బోర్డో ప్రాంతమనీ, 51 అయితే షాంపేన్ ప్రాంతమనీ గుర్తుపట్టి, అక్కడినుంచి ఏ పేరున్న ఇంటివాళ్లు దీన్ని గుట్టుగా నింపి ఉంటారోనని ఊహల్లో తేలడం పండితుల ఇష్టవినోదం. ఇందులో నిజంగా ఉపయోగపడే జ్ఞానం చాలా కొంచెం. స్పెయిన్‌లోని రియోహా ఎర్ర వైన్ మీద రిజర్వా అని ఉంటే కనీసం మూడేళ్లు, అందులో ఏడాది ఓక్ పీపాలో, నిలవ ఉంచారని చట్టం హామీ ఇస్తుంది; అదే మాటను ఫ్రెంచిలో రిజర్వ్ అని రాస్తే దాని వెనుక అటువంటి చట్టమేదీ లేదు, రాసినవాడి ఆత్మవిశ్వాసం తప్ప. సీసా బరువు, అడుగున గుంట లోతు కూడా లోపలి సరుకు గురించి ఏమీ చెప్పవు.

ఇక రుచి. ఈ విషయంలో తెలుగువాడు ఇంగ్లీషువాడికన్నా ఒక మెట్టు పైనే ఉన్నాడని పక్షపాతం లేకుండానే చెప్పవచ్చు. ఎర్ర వైన్‌లో టానిన్ అనే పదార్థం లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నోరు ఎండబెట్టినట్టు చేస్తుంది. దాన్ని వర్ణించడానికి ఇంగ్లీషు రచయితలు పట్టు, మఖ్మలు, ఇసుక కాగితం అంటూ బట్టల కొట్టూ వడ్రంగి కొట్టూ తిరిగివస్తారు. నేరేడు పండు తిన్నవాడికీ, వక్క నమిలినవాడికీ అది వగరు, అంతే. ఐదు పౌండ్ల ఎర్ర వైన్ల ప్రధాన లోపం ఈ వగరు పచ్చిగా ఉండడమో, దాన్ని కప్పడానికి కాస్త చక్కెర మిగల్చడమో. సావిన్యాన్ బ్లాంక్‌ను మెచ్చుకోవడానికి పిల్లి మూత్రాన్నీ, మరో తెల్ల వైన్ రకమైన రీస్లింగ్ పాతబడితే దాన్ని మెచ్చుకోవడానికి పెట్రోలునూ ఉపమానాలుగా వాడే సంప్రదాయం కూడా ఉంది. ఇవి తిట్లు కావు, పొగడ్తలే.

నిజంగా గిట్టుబాటైన సీసాలు ఆ అరల్లో లేవనడం అన్యాయం. షాంపేన్ లాగే సీసాలోనే రెండోసారి పులియబెట్టి నురుగు తెప్పించే క్రెమాన్, పేరులో షాంపేన్ లేని పాపానికి సగం ధరకే దొరుకుతుంది. పోర్చుగల్ ఎర్ర వైన్ల పేర్లు బ్రిటన్‌వారి నోటికి తిరగవు గనుక ధర పెరగలేదు. జర్మన్ రీస్లింగ్‌లో కొంచెం తీపి మిగిలిన రకం, బ్రిటన్‌లోని రెడింగ్‌లోనో హౌన్‌స్లోలోనో గోంగూర మాంసం వండుకున్న తెలుగు ఇంట, ఏ ఖరీదైన వగరు బోర్డోకన్నా మేలు. మిరపకాయ మంటను టానిన్ ఎగదోస్తుంది, తీపి అణచుతుంది. కానీ ఇవి ఎప్పుడూ ఉండే సరుకు కాదు. డిస్కౌంట్ అంగళ్లు మేలైన వైన్లను విడతలుగా తెప్పించి, అయిపోతే మళ్లీ తెప్పించవు.

హాడ్జ్‌సన్ తన లెక్క ప్రకటించిన 2008లోనే, ధర రుచి మీద చూపే ప్రభావాన్ని తేల్చడానికి కాలిఫోర్నియాలో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు వెలువడ్డాయి. మెదడును పరిశీలించే స్కానర్‌లో పడుకున్నవారికి గొట్టంతో ఒకే వైన్‌ను రెండుసార్లు అందించి, ఒకసారి పది డాలర్లదని, మరోసారి తొంభై డాలర్లదని చెప్పగా, తొంభై అన్నప్పుడు మెదడులో ఆనందాన్ని నమోదు చేసే భాగం ఎక్కువ చురుకైంది. చౌకపండితుడిని అదే యంత్రంలో పడుకోబెడితే ఫలితం తలకిందులు కావలసి ఉంటుంది: తొంభై అనగానే మూతి ముడుచుకుంటుంది, నాలుగు పౌండ్ల 99 పెన్నీలు అనగానే బ్లాక్‌బెర్రీ, దేవదారు, తడిసిన సుద్దరాయి వరుసగా గోచరిస్తాయి, ఇప్పుడది దొరకదు అన్న మాట కూడా చేరిస్తే యంత్రం సూచికే విరిగిపోవచ్చు. ఆ మాట విన్న అతిథి మరునాటి ఉదయమే అంగడి తెరిచే వేళకు వెళ్తాడు. సీసా ఉండవలసిన చోట ఆ వారం సరుకుగా వచ్చిన ఈతదుస్తులు, గాలి నింపే పడవలు ఉంటాయి. ఉత్త చేతులతో తిరిగిరావడం ఇష్టంలేక ఒక పడవ కొనుక్కుని, దాని అసలు ధర ఎంతో, తనకు ఎంతకు వచ్చిందో వచ్చే శనివారం భోజనాల దగ్గర చెప్పడానికి రసీదు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటాడు.