పేరు చూసి నొక్కిన ఫైలు

భద్రాచలం నుంచి చర్ల వెళ్లే దారిలో నాకో చిన్న నెట్ సెంటరుంది. 2023లో ఇచ్చిన పోడు పట్టాల జిరాక్సులకూ పింఛను పనులకూ గూడేల నుంచి వచ్చేవాళ్లు ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వే చూడు బాబూ" అంటారు. అలా నమ్మి ఇచ్చిన ఒక పెద్దాయనకు నేను చేసిన అన్యాయం ఇది.

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా పడతాయి. ఆయనకు ఒక విడత ఆగింది. అంతలో తెలిసినవాళ్ల నంబరు నుంచే వాట్సాప్‌లో ఆ పథకం పేరుతో, వరికంకి బొమ్మతో ఒక ఫైలు వచ్చింది. పేరు చివర ఏపీకే అని కనిపిస్తూనే ఉంది. ఇది తెలియని చోటు నుంచి వచ్చిన యాప్ అని ఫోను హెచ్చరించింది. అయినా ఎక్కించాను. మెసేజులు చదవనిస్తావా అని అడిగితే దానికీ సరేనన్నాను.

తెలియక చేసింది కాదు. 2000 మేలో లోకాన్ని కుదిపేసిన ఐ లవ్ యూ వైరస్ గురించి కంప్యూటర్ కోర్సులోనే విన్నాను. ఫైలు పేరులో టీఎక్స్‌టీ అని ఉంటుంది, దాని తర్వాత వీబీఎస్, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రాము. విండోస్ ఆ చివరి ముక్కను మామూలుగా దాచేస్తుంది కనుక ఉత్తరమనుకుని తెరిచారు జనం. అందుకే నా కంప్యూటర్లన్నిటిలో ఆ చివరి ముక్కలు, అంటే ఎక్స్‌టెన్షన్లు, కనబడేలా పెట్టుకున్నాను. ఈఎక్స్ఈ, బ్యాట్, ఎస్‌సీఆర్ ఉంటే ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ముట్టను. ఫోనులో ఏపీకే ఆ ఈఎక్స్ఈ లాంటిదే. ఫొటో చూసుకోవడానికి. పీడీఎఫ్ చదువుకోవడానికి, అందులోనూ లింకులు నొక్కేముందు ఆలోచించాలి. ఏపీకే మాత్రం ఎక్కిస్తే లోపలికి దిగి తన పని తాను చేసుకుపోతుంది. లబ్ధిదారుల జాబితాకైనా, పెళ్లి శుభలేఖకైనా, చలానాకైనా ఏపీకేతో పనేముంది?

మెసేజులు చదవనిస్తే ఓటీపీలు వాళ్ల చేతికిచ్చినట్టే. పత్తి అమ్మి దాచుకున్న డబ్బు ఆ రాత్రే పోయింది. అదే ఫైలు ఆయన ఫోను నుంచి చుట్టాలందరికీ వెళ్లింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేస్తే డబ్బు చేతులు మారకుండా ఆపే వీలుంటుంది. కానీ ఆయనకు చదువు రాదు. సంతకు వచ్చినప్పుడు నాకు చూపించేదాకా సంగతే తెలియలేదు.

"నువ్వు చూసే నొక్కావు కదా బాబూ" అన్నాడు. చూడలేదని చెప్పాను.

తొమ్మిదో తరగతి చదివే ఆయన మనవరాలికి, ఫైలు పేరు చివర ఏం చూడాలో కూర్చోబెట్టి నేర్పాను. ఇప్పుడు వాళ్ల గూడెంలో ఎవరికి ఏ ఫైలొచ్చినా ముందు ఆ పిల్లకే చూపిస్తున్నారు. నా దగ్గరికి రావడం లేదు.