ఒక కామెంటుకు టీకా తాత్పర్యము

మూలము
// ఈ లైను తాకవద్దు. ఎందుకో వికీలో ఉంది.

అవతారిక
పేమెంట్ల కోడు చదువుచు వచ్చిన క్రొత్త డెవలపరు ‘స్లీప్(3)’ అను లైను కడ ఆగి, మూడు సెకన్లు ఊరక ఏల వేచియుండవలెనని డిలీట్ మీటపై వేలుంచగా, ఉద్యోగము మారి వెళ్లిపోయిన పూర్వ డెవలపరు కామెంటు రూపమున వారించుచున్నాడు.

ప్రతిపదార్థము
// = రెండు ఏటవాలు గీతలు; వీని వెనుకనున్నది కంపైలరు చదువదు, మనుష్యులు చదువుదురని కర్త యాశ;
ఈ లైను = దిగువనున్న స్లీప్(3)ను (నడుమ ఎవరో నాలుగు లైన్లు చొప్పించుటచే నేడు ‘ఈ’ శబ్దము వేరొక లైనును చూపుచున్నది);
తాకవద్దు = మార్చకుము, తీసివేయకుము;
ఎందుకో = ఏ కారణము చేతనో, ఆ కారణము;
వికీలో = కంపెనీ లోపలి పేజీలలో;
ఉంది = వ్రాసిన నాడు ఉండెను (రూపము వర్తమానమే యైనను భూతార్థమున గ్రహించవలెను).

తాత్పర్యము
ఓ తరువాతి డెవలపరా! నేను పడిన పాట్లు నీవు పడకుము. అవి ఏ పాట్లో చెప్పుటకు నాకు తీరిక లేదు.

విశేషములు
శ్లేష: ‘ఎందుకో’ అనుట రెండర్థముల నిచ్చును. కారణము వికీలో ఉన్నదని ఒకటి. అది వికీలో ఎందుకున్నదో ఎవరికిని తెలియదని రెండవది. రెండవదే కర్త హృదయమని విజ్ఞులు.

పాఠాంతరము: ‘ఎందుకో సుబ్బారావుగారికి తెలుసు’ అని వేరొక బ్రాంచిలో కలదు. ఆయన నోటీసు పీరియడులో ఉన్నారు.

లక్ష్యము: ఈ టీకాకారుడే ఒక శుక్రవారము సాయంత్రము ఆ లైను తీసివేసెను. వికీని అడుగకపోలేదు. లింకు నొక్కగా 404 వచ్చెను. వికీని వేరొక సాఫ్ట్‌వేరులోనికి మార్చిన నాడు పాత పేజీలు అచ్చటనే ఉండిపోయినవట. వెదకగా ‘పేమెంట్స్_ఫైనల్_కొత్తది’ దొరికెను; అందు ‘త్వరలో వ్రాయబడును’ అని మాత్రమే ఉండెను. ఆ రాత్రి కొందరు కస్టమర్ల ఖాతాలలో డబ్బు రెండుమార్లు కోతపడెను.

పూర్వపక్షము: ‘మంచి కోడుకు కోడే డాక్యుమెంటేషన్’ అందురు. కాదు. స్లీప్(3) మూడు సెకన్లు ఆగుమనును. ఎవరి కొరకో చెప్పదు.

సిద్ధాంతము: వివరణ కోడుతో ఒకే గిట్ రిపోలో ఉండవలెను. అప్పుడు రెండును ఒకే కమిట్‌లో మారును, రివ్యూ చేయువాడు రెంటిని ఒక్కసారే చూచును. మూడేండ్ల నాటి వెర్షను తెరచిన మూడేండ్ల నాటి వివరణయే వచ్చును. వికీ మాత్రము ఏ వెర్షనుకైనను నేటి పేజీనే చూపును. లైను వెనుకటి కారణము లైను నెత్తిన. ఫంక్షను వాడుక పైథాన్ డాక్‌స్ట్రింగ్‌లోనో జావాడాక్‌లోనో. మొత్తము కట్టుబడి వైనము రిపోలోని డాక్స్ ఫోల్డరులో. లినక్స్ కర్నెల్ సోర్సులోనే ‘డాక్యుమెంటేషన్’ అను ఫోల్డరు కలదు. కాని రాత్రి సర్వరు పడిపోయిన ఎవరికి ఫోను చేయవలెనను పట్టికకు వికీయే తగును.

ప్రమాణము: డొనాల్డ్ క్నూత్ 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ అను వ్యాసమున ప్రోగ్రామును, వివరణను ఒకే ఫైలులో అల్లు పద్ధతిని చెప్పెను, ‘టాంగిల్’ అను ప్రోగ్రాము అందుండి యంత్రమునకు కావలసినది తీయును, ‘వీవ్’ అనునది చదువరికి కావలసినది కూర్చును. మన మెదకు సీమ కొల్చారము వాడని చెప్పు, కాళిదాసునకు టీక వ్రాసిన మల్లినాథసూరి మూలాధారము లేనిది వ్రాయనని, అక్కరలేనిది పలుకనని ముందే పూనిక పట్టెను. కామెంటు వ్రాయువారికి ఈ రెండు నియమములును చాలును. అయితే మల్లినాథునకు ఒక సుఖము కలదు: టీక ముగిసిన పిమ్మట కాళిదాసు మేఘసందేశమును మార్చి పుష్ చేయలేదు. మన మూలము దినమునకు పదిమార్లు మారును. కనుక టీక మూలమునకు అంటియుండవలెను. మూలమును మార్చువాని కంట పడకుండ తప్పించుకొనరాదు.

పరిష్కృత పాఠము
// బ్యాంకు రసీదు నంబరు ఇవ్వడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. ఈలోగా అడిగితే ‘చెల్లింపు లేదు’ అంటుంది. మన కోడు మళ్లీ డబ్బు తీస్తుంది.

ఈ పాఠమునకు టీక అక్కరలేదు.