చిల్లర డబ్బాలో నుంచి ఒక పది రూపాయల బిళ్ళ

నేను పది రూపాయల బిళ్ళను. పుట్టిల్లు చర్లపల్లి టంకశాల. సంవత్సరం అంకె కింద ఉన్న అయిదు మొనల చుక్కే నా జన్మపత్రం. ప్రస్తుతం మకాం గోపన్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంటు వంటింటి అరలో, మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో. నాతోపాటు రూపాయలు, రెండ్లు, అయిదులు, కొన్ని పావలాలు ఉన్నాయి. మమ్మల్నందరినీ కలిపి ఈ ఇంట్లో ‘పనికిరాని చిల్లర’ అంటారు. ఆ మాట పావలాలకే వర్తిస్తుంది. 2011 జూన్ 30తో పావలా, అంతకన్నా చిన్నవి చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి ఇప్పటికీ పది రూపాయల మేరకు చెల్లుతుంది. రూపాయి, ఆపై బిళ్ళలు ఒక చెల్లింపులో వెయ్యి రూపాయల దాకా చెల్లుతాయని 2011 నాణేల చట్టం చెబుతోంది. కాబట్టి మా విలువ ఎక్కడికీ పోలేదు. బయటికి వెళ్ళే దారే మూసుకుపోయింది.

ఆ దారి మూసింది ఫోనొక్కటే కాదు. 2016లో యూపీఐ వచ్చాక గోపన్‌పల్లి తండా దగ్గర టీ బండికీ క్యూఆర్ అట్ట వేలాడుతోంది, నిజమే. నోటు మార్చినప్పుడల్లా చిల్లర ఇంట్లోకి వస్తూనే ఉంది. మళ్ళీ కొనేటప్పుడు మాత్రం చెయ్యి ఫోను మీదికే పోతోంది. దానికి తోడు నా జాతి మీద ఒక పుకారు: పదిహేను గీతలున్న బిళ్ళ దొంగది, పది గీతలున్నదే అసలుది అని. 14 రకాల పది రూపాయల బిళ్ళలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించినా కొట్లలో అనుమానం తీరలేదు. నన్ను వద్దనే కొట్టాయనకు నా మీద కోపమేమీ లేదు. రేపు తన దగ్గర ఎవరూ తీసుకోరేమోనన్నదే ఆయన భయం. ఒకరు తీసుకుంటే పక్కవాళ్ళూ తీసుకుంటారు.

మమ్మల్ని డబ్బాలోంచి బయటికి పంపమంటే ‘ఈ కాసిని బిళ్ళల కోసం అంత శ్రమా?’ అంటారు. తూకం వేసి చూడండి. నా బరువు 7.71 గ్రాములు, నాలాంటివి కిలో ఉంటే దాదాపు 1,300 రూపాయలు. 2019 నుంచి వస్తున్న రూపాయి బిళ్ళ 3.09 గ్రాములు, అవి కిలో ఉన్నా 325 రూపాయలు దాటవు. కలిపి పోస్తే ఇంత తేడా కంటికి కనబడదు. అందుకే మొదటి పని ఏరి వేరు చేయడం. తిరుమల పరకామణిలో హుండీ నాణేలకూ ఆ పని తప్పదు.

‘బ్యాంకులు తీసుకోవు కదా?’ అన్నది మరో మాట. ఖాతాలో వేసే నాణేలకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకే చెబుతోంది; వందేసి చొప్పున సంచుల్లో కట్టి ఇస్తే మేలంటుంది. అయితే రద్దీ వేళ కలగాపులగం డబ్బా బల్ల మీద బోర్లిస్తే క్యాషియర్ విసుక్కోవడం అన్యాయమేమీ కాదు. అందుకే నేను ముందు కిరాణా కొట్టునే చూపిస్తాను. నలభై అయిదు రూపాయల సరుకుకు యాభై నోటిస్తే తిరిగివ్వడానికి అయిదు బిళ్ళ లేక చాక్లెట్ చేతిలో పెట్టే కొట్టు అది. అడిగి చూస్తే వంద అయిదుల సంచి తీసుకుని అయిదు వందలు ఫోనులో పంపడానికి ఆయనకు అభ్యంతరం ఉండకపోవచ్చు. ఇద్దరి అవసరమూ తీరుతుంది. మిగిలినవి, ముఖ్యంగా కొట్టాయన వద్దన్న పదులు, బ్యాంకుకు వెళ్ళవచ్చు.

‘అంతా ఫోనులోనే నడుస్తుంటే బిళ్ళలెందుకు?’ అనేవారికి రిజర్వు బ్యాంకు చర్యే జవాబు. యూపీఐతో డబ్బు కడితే నాణేలిచ్చే యంత్రాలను 12 నగరాల్లో ప్రయోగాత్మకంగా పెడతామని 2023లో ప్రకటించింది. ఒకచోట చిల్లర కోసం యంత్రాలు, మరోచోట చిల్లరతో నిండిన డబ్బాలు! ఇళ్ళలో ఆగిన బిళ్ళల లోటును టంకశాల కొత్తవాటితో పూడ్చాలి. ఆ లోహం, కూలి, రవాణా ఖర్చు ప్రజల సొమ్మే. ఇంటివాళ్ళకైనా నన్ను దాచినందువల్ల వడ్డీ రాదు, బంగారంలా ధరా పెరగదు. పొదుపు చేయాలనుకుంటే నన్ను ముందు ఖాతాలోకి చేర్చండి. పొదుపు అక్కడ మొదలవుతుంది.