చెనిక్కాయల వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము:
వెన్ ద రెయిన్ కేమ్, వుయ్ వర్ డ్రయింగ్ గ్రౌండ్‌నట్స్.

అవతారిక:
చార్లెస్ ఫిలిప్ బ్రౌను అను ఆంగ్లేయుడు 1820లో ఉద్యోగార్థమై కడపకు వచ్చి, తెలుగు నేర్వబూని, మన కావ్యములు కొరుకుడుపడక, తరువాతి కాలమున ఆ ఊరనే బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతములిచ్చి కూర్చోబెట్టుకొనెను. జూలూరి అప్పయ్య మొదలగువారు అతని కొలువున మనుచరిత్ర, వసుచరిత్రములకు టీకలు వ్రాసిరి. ఒక దొర మన పద్యమునకు ప్రతిపదార్థము వ్రాయించినప్పుడు, మనము దొరల వాక్యమునకు ఒక్కదానికైనను వ్రాయకుండుట బాకీ ఉంచుకొనుట వంటిదే. వడ్డీ పెరుగుచున్నది గనుక ఈ చిన్న వాక్యమును ఎత్తుకొంటిమి.

దీని కర్త ఎవరో తెలియదు. పాస్ట్ కంటిన్యువస్ టెన్సు పాఠమునకు ఉదాహరణగా మేమే కల్పించితిమని కొందరు అనవచ్చును. అనుకోనిండు. మూలమున లేనిది వ్రాయనని వ్యాఖ్యాత కోలాచలము మల్లినాథసూరి నియమము పెట్టుకొనెను. మాకు అంత నిష్ఠ లేదని ముందే మనవి.

పాఠాంతరములు:
కొన్ని నోటుబుక్కులలో ‘వర్ డ్రాయింగ్ గ్రౌండ్‌నట్స్’ అని కానవచ్చును. అప్పుడు ‘వాన వచ్చునప్పటికి మేము చెనిక్కాయల బొమ్మ వేయుచుంటిమి’ అని అర్థము. పొలమున పనివేళ బొమ్మలు వేయు రైతు కుటుంబము లోకమున అరుదు గనుక ఇది లేఖక ప్రమాదము. ‘వుయ్ వాజ్’ అనునది మరియొక పాఠము. బహువచనమునకు ‘వర్’ వలెను గనుక గ్రాహ్యము కాదు. చెనిక్కాయలను కర్నూలు వైపు ‘బుడ్డలు’ అని చెప్పిననే పిల్లలకు తెలియును. కాయ ఒక్కటే గనుక వివాదము లేదు.

ప్రతిపదార్థము:
వెన్ = ఎప్పుడైతే; ద = ఆ; రెయిన్ = వాన; కేమ్ = వచ్చెనో; వుయ్ = మేము; వర్ = ఉంటిమి; డ్రయింగ్ = ఎండబెట్టుచు; గ్రౌండ్‌నట్స్ = చెనిక్కాయలను.

ఇందు ‘ద’ అను దానిని తేలికగా తీసికొనరాదు. ‘ఆ వాన’ అనగా ఏ వాన? జూన్, జూలై మాసములలో విత్తనము వేసి ఆకాశము వంక చూచునప్పటి వాన కాదు. అది వచ్చిన వచ్చును, రాకున్న రాదు. అక్టోబరు, నవంబరులలో చెట్లు పీకి, కాయ పైకి వచ్చునట్లు పొలమున తిరగవేసి, ‘ఇంక నాలుగు ఎండలు తగిలిన చాలు’ అనుకొను సమయమున, బంగాళాఖాతమున వాయుగుండము పుట్టి, ఏడాదంతయు మనలను మరచిన మేఘము చిరునామా వెదకుకొని వచ్చునే, ఆ వాన. కాయ నలుపెక్కును, కొన్ని మొలకలెత్తును, పశువులకు దాచవలసిన కట్టె కుళ్ళును. కడప, కర్నూలు జిల్లాల వారికి ఇది పరిచితమైన వాన గనుకనే కవి ‘ఎ రెయిన్’ అనలేదు.

అన్వయము:
వాక్యమున పనులు రెండు. ఎండబెట్టుట ముందే మొదలై సాగుచున్నది. దాని నడుమ వచ్చుట జొరబడినది. సాగుచున్న దానికి ‘వర్ డ్రయింగ్’, జొరబడిన దానికి ‘కేమ్’. రెండును సాగుచున్నవైన ‘వైల్’ అని మొదలుపెట్టి రెంటికిని ‘ఇంగ్’ తగిలింపవచ్చును: వైల్ నాయన వాజ్ డ్రయింగ్, అమ్మ వాజ్ కుకింగ్. ఇంతకు మించి సూత్రము లేదు. గైడులలో పది పుటలున్నవి. అవి గైడు బరువు కొరకు.

పూర్వపక్షము:
‘తెలుగున ఈ కాలమునకు వేరే రూపమే లేదు గదా’ అని కోస్తా పండితుడు ఆక్షేపించుచున్నాడు. ‘ఇప్పుడు ఎండబెడుతున్నాము’ అన్నను, ‘నిన్న వాన వచ్చినప్పుడు ఎండబెడుతున్నాము’ అన్నను క్రియ ఒక్కటే. ఉన్నాము అనునది నేటికిని చెల్లును, నిన్నటికిని చెల్లును. కావున పిల్లవాడు ‘ఆర్ డ్రయింగ్’, ‘వర్ డ్రయింగ్’ రెంటికిని ఒకే తెలుగు పెట్టుకొని, పరీక్షలో ఏది తోచిన అది వ్రాయుచున్నాడు. ఈ తికమక పోగొట్టుటకే గైడు వ్రాసినవారు ‘ఎండబెట్టుచుంటిమి’ అని అర్థము ఇచ్చిరి. దానిని చూచి పిల్లలు, ఇది ఏ పురాణకాలపు భాషయో అని నవ్వి, కంఠస్థము చేసి, మరతురు.

సిద్ధాంతము:
ఆక్షేపము కోస్తాకు సరి, రాయలసీమకు చెల్లదు. సందేహమున్నచో ఇంటికి పోయి అవ్వనడుగుము.

‘అవ్వా, నిన్న వానొచ్చినప్పుడు ఏం చేస్తాంటిరి?’
‘చెనిక్కాయలు ఎండబెడతాంటిమి నాయనా. పాడు వాన, ఉన్నట్టుండి వచ్చె.’

ఎండబెడతా అనునది డ్రయింగ్. అంటిమి, అనగా ఉంటిమి, అనునది వర్. అవ్వ వాక్యము రెండవ సగమున ‘వచ్చె’ అని ‘కేమ్’ కూడ ఇచ్చినది. నేను ఎండబెడతాంటి, ఐ వాజ్. నువ్వు ఎండబెడతాంటివి, యు వర్. నాయన ఎండబెడతాండె, హి వాజ్. ఇప్పటి మాటకు ఎండబెడతాండాము అని వేరే ఉన్నది గనుక నేటికిని నిన్నటికిని కలగాపులగము లేదు. కోస్తా వాడుకలో మాసిపోయిన ‘ఉంటిని, ఉండె’ రూపములు ఇచ్చట ఇంకను రోజూ కూలికి పోయి వచ్చుచున్నవి.

ఇక్కడ టీకాకారునికి కొంచెము కోపము వచ్చుచున్నది, పాఠకులు సైరింతురు గాక. బడిలో పిల్లవాడు ‘సార్, తింటాంటి’ అన్నచో ‘శుద్ధంగా మాట్లాడరా’ అని దిద్దుదురు. దిద్ది, ఆ మాటనే ‘తినుచుంటిని’ అని గైడులో అచ్చొత్తి, వానికే అమ్ముదురు. వాని నోటిలోనిదానిని వానికే వెల కట్టి ఇచ్చుట ఏ శాస్త్రసమ్మతమో మాకు తెలియలేదు. ఆ గైడు వాక్యము ప్రక్కన అవ్వ మాట వ్రాసి చూపిన పాఠము గంటలో ముగియును.

విశేషములు:
అట్లని అవ్వ మాటనే గుడ్డిగా నమ్మరాదు. ‘చిన్నప్పుడు బడికి నడ్సుకుంటా పోతాంటిమి’ అని కూడ ఆమె అనును. అది అలవాటు, ఒకనాటి నడుమ పని కాదు. దానిని ‘వుయ్ వర్ గోయింగ్’ అని మార్చిన, ఇంగ్లీషు వినువాడు ‘పోవుచుండగా ఏమయ్యెను? పామా, వానయా?’ అని తక్కిన సగమునకై కాచుకొని నిలుచును. ‘వుయ్ వెంట్’ లేక ‘వుయ్ యూజ్డ్ టు గో’ అన్న వానికి ఊరట. మన పెద్దలు ఇంగ్లీషున బాల్యము చెప్పునప్పుడు ఎక్కువగా జారిపడు గుంట ఇదే.

‘ఐ వాజ్ నోయింగ్’ అనునది వేరు జబ్బు. ‘నాకు తెలుసుండె’ అనువాడు ‘తెలుస్తాండె’ అనడు గదా. ఇంగ్లీషునకు వచ్చునప్పటికి ఉత్సాహమెక్కువై ‘ఇంగ్’ తగిలించును. ‘ఐ వాజ్ హావింగ్ టీ’ సాధువు. ‘ఐ వాజ్ హావింగ్ టూ ఎకర్స్’ అసాధువు. టీ త్రాగుచుండవచ్చును, రెండెకరాలు త్రాగుచుండుట కుదరదు, కొందరు ఆ పని చేసినను.

ఈ కాలము పని మొదలైనదనియే చెప్పును గాని ముగిసినదని ఎన్నడును హామీ ఇయ్యదు. దీనికి మా సీమ కంటె మంచి ఉదాహరణశాల లేదు. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ వాజ్ డిగ్గింగ్ ఎ కెనాల్. తలపెట్టినది పెద్ద పథకము. తవ్వినది సుంకేసుల నుండి కడప దాక గల ముక్క. కంపెనీ గట్టెక్కక 1882లో ప్రభుత్వమే కొనెను. అయినను ఆ కర్నూలు-కడప (కేసీ) కెనాల్ నేటికిని నీరిచ్చుచున్నది, కావున నిందింపము. జమ్మలమడుగు ప్రాంతపు ఉక్కు కర్మాగారము సంగతి అట్లు కాదు. 2007లో శంకుస్థాపన, 2018లో శంకుస్థాపన, 2019లో శంకుస్థాపన, 2023లో శంకుస్థాపన. శంకుస్థాపనలన్నియు సింపుల్ పాస్టు: జరిగినవి, ముగిసినవి, శిలాఫలకములున్నవి. కర్మాగారము మాత్రము ‘దే వర్ బిల్డింగ్’.

మర్యాదకును ఈ కాలమే శరణ్యము. ‘ఐ వాజ్ వండరింగ్’ అని దొర సంకోచించినట్లే మనవాడు ‘నిన్నొక రెండు వేలు అడుగుదామనుకుంటాంటి’ అనును. అప్పు తిరిగి ఇయ్యవలసినప్పుడు ‘ఇద్దామనే వస్తాంటి, నువ్వే ఎదురొస్తివి’ అనును. సాగుచున్న పని ఒకటి, దానికడ్డువచ్చిన పని ఒకటి: లక్షణము సంపూర్ణము. డబ్బు మాత్రము కానరాదు.

ఫలశ్రుతి:
ఈ కాలమెరిగినవానికి ఏమి లాభమందురా? ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన నిబంధనలను చూడుడు. కోసి పొలముననే ఆరబెట్టిన పంట తుపాను వానకో అకాల వర్షమునకో చెడినచో, కోసిన 14 రోజుల లోపలి నష్టమునకు బీమా వర్తింపవచ్చును. 72 గంటలలో తెలియజేయవలెను. అనగా ‘వుయ్ వర్ డ్రయింగ్’ అనువానికి దారి ఉన్నది. ‘వుయ్ హాడ్ డ్రైడ్’ అని, ఎండబెట్టుట ముగిసి కాయలు ఇల్లు చేరినవన్నచో ఆ నిబంధన వానిది కాదు. పంట ఆ పథకములోనిదై, ప్రీమియము కట్టి ఉన్నప్పుడే ఇదంతయు. కట్టనివానికి ఏ వ్యాకరణమును కాపాడదు. ఫోను చేయుటకు ఇంగ్లీషు అక్కరలేదు. తేదీ చెప్పి, ‘వానొచ్చినప్పుడు చేన్లోనే ఎండబెడతాంటిమి’ అనిన చాలును.