వట్టివేరు ఆకుపచ్చ

ఢిల్లీలో లాల్ బహదూర్ శాస్త్రి మార్గ్‌లోని అంధుల పాఠశాల మేళాకు వెళ్లొస్తే తప్ప మా వదినకు దీపావళి వచ్చినట్టుండదు. 1944లో మొదలైన బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్ ఏటా పండగ ముందు జరిపే మేళా అది. అక్కడ శిక్షణ పొందేవాళ్లు చేసిన కొవ్వొత్తులకు మంచి గిరాకీ. ఈసారి గురుగ్రామ్ నుంచి వస్తూ వదిన హాలు కర్టెన్ గుడ్డ ముక్కొకటి పర్సులో పెట్టుకొచ్చింది. గాజు గ్లాసుల్లో పోసిన సువాసన కొవ్వొత్తుల్ని ఒక్కొక్కటే దాని పక్కన పెట్టి చూడటం మొదలుపెట్టింది.

బల్ల వెనకున్న కుర్రాడికి చూపు లేదు. అడిగిన రంగును వాసన పట్టి తీసిస్తున్నాడు. గులాబీదైతే లేత ఎరుపు, మల్లెదైతే తెలుపు, వట్టివేరుదైతే ఆకుపచ్చ. రంగురంగుల పొరలు ఎలా పోస్తారని అడిగితే ఓపిగ్గా చెప్పాడు. కింది పొర గట్టిపడకముందే పైది పోస్తే రంగులు కలిసిపోతాయి, మరీ చల్లారిపోతే పొరలు అతుక్కోవు. గ్లాసు చుట్టూ అరచెయ్యి వేసి, ఆ వేడిని బట్టి అదను కనిపెడతాడట. మైనం కరిగి ఉన్నప్పుడు రంగు ముదురుగా, గట్టిపడ్డాక లేతగా కనిపిస్తుంది కాబట్టి కళ్లున్నవాళ్లకైనా రంగు కొలిచి వెయ్యక తప్పదు. అంత నేర్పున్న చేతుల్ని నేనింకా చూస్తూనే ఉన్నాను, వదిన అందుకుంది.

"ఈ ఆకుపచ్చ నిలుస్తుందా బేటా? పోయినేడు మీ దగ్గర కొన్నది వెలిసిపోయింది."

"ఎండ పడితే ఏ రంగైనా వెలుస్తుంది ఆంటీ. అయినా అది ఇంకా ఉందా? నాలుగు సాయంత్రాలు వెలిగిస్తే అయిపోవాలే!"

"అయ్యో, వెలిగిస్తామా! గ్లాసుకు మసి పడుతుంది, అందం పోతుంది. కిటికీ పక్కన షోకేసులో పెట్టాం."

కుర్రాడు చేతిలో గ్లాసును కాసేపు తడిమాడు.

"మూడు పొరల్లోంచి వెలుగు ఎలా వస్తుందో మిమ్మల్ని అడుగుదామనుకున్నా ఆంటీ" అన్నాడు. "అయితే మీరూ చూడలేదన్నమాట."