మొదటి పేజీ మొగుడు

సొంత కొట్టు పేరు గూగుల్‌లో కొట్టి చూసుకోని ఓనరు ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్లి కాళ్లకు దండం పెట్టొస్తాను. నేను రోజూ కొడతాను. పొద్దున కాఫీ తాగుతూ మా షాపు పేరు టైపు చేస్తే అన్నిటికంటే పైన కనిపిస్తుంది. "చూశావా, ఫస్టు!" అని ఫోను మా ఆవిడ ముఖం ముందు పెడతాను. ఆవిడ బెండకాయలు తరగడం ఆపదు. "మన పేరు పెట్టి పిలిస్తే మనం కాక ఇంకెవరు పలుకుతారండీ? 'చీర కావాలి' అని పిలిచి చూడండి."

పిలిచాను. పలకలేదు.

మాది చెన్నైలో పాత వాషర్‌మెన్‌పేట్. ఇంట్లో వణ్ణారపేట అంటాం. ఇంగ్లీషు కంపెనీ వాళ్లు ఓడలకెక్కించే గుడ్డలను ఉతికి చలవ చేసినవాళ్ల పేరు మీద వెలసిన పేట. ఉతకడం ఎప్పుడో పోయింది, అమ్మకం మిగిలింది. దీపావళి ముందు ఎం.సి. రోడ్డులో అడుగు తీసి అడుగు వేయలేం. ఆ రోడ్డు పక్క సందులోనే మా కొట్టు. చీరలు, నైటీలు, జాకెట్టు గుడ్డలు, ఇన్‌స్కర్టులు. 2020లో లాక్‌డౌన్ వచ్చి షట్టరు దించుకుని ఇంట్లో కూర్చున్నప్పుడు నాకు వెబ్‌సైటు పిచ్చి పట్టింది. మీకూ ఆ రోజుల్లో ఏదో ఒక పిచ్చి పట్టే ఉంటుంది, దాచకండి.

సైటు కట్టింది మా చిన్నమ్మాయి. మాటలు మాత్రం నావే. కాలేజీ రోజుల్లో గోడ పత్రికకు రాసిన చెయ్యి కదా, ఊరుకుంటుందా? "వస్త్ర వైభవానికి స్వాగతం! తరతరాల నమ్మకానికి చిరునామా!" అని మొదలుపెట్టి రెండు పేజీలు దంచాను. అంతా చదివినా అమ్మేది చీరలో, సిమెంటో తెలియదు. ఇక పేజీకి పేరు పెట్టమని అడిగితే 'హోమ్' అని పెట్టాను. గూగుల్‌లో వెతికితే నీలం రంగులో పెద్దక్షరాలతో ముందు కనపడేది ఆ పేరేనట. జనం నొక్కాలా వద్దా అని తేల్చుకునేది దాన్ని చూసేనట.

"నాన్నా, 'హోమ్' కోసం వెతికేవాళ్లు వృద్ధాశ్రమానికి వెళ్తారు గానీ మన కొట్టుకెందుకు వస్తారు?" అంది అమ్మాయి. "మీ నాన్నను చేర్పించడానికి ఎలాగూ కావాలి, ఆ నంబరు రాసిపెట్టుకో" అంది వాళ్లమ్మ.

తర్వాత ఫొటో. పేజీ పైన ముందుగా చీరలు కాదు, నేను. తెల్ల చొక్కా, చేతిలో టేపు, నవ్వు. ఫొటోగ్రాఫరు ఇచ్చిన పెద్ద ఫైలును యథాతథంగా ఎక్కించేశాం. ఫోనులో పేజీ తెరిస్తే ముందు నా జుట్టు దిగేది, కాసేపటికి కళ్లు, ఆ పైన మీసం. చీరల దాకా ఓపిక పట్టిన మనిషి లేడు. సైటు ఫోనులో చక్కగా తెరుచుకుంటుందా లేదా అన్నది గూగుల్ 2015 నుంచే లెక్కలోకి తీసుకుంటోందని చెప్పి అమ్మాయి నన్ను కుదించింది. అంటే, నా ఫొటోను. ప్రతి బొమ్మ వెనకా అదేమిటో ఒక మాటలో రాసిపెట్టాలట. చూపు లేనివాళ్లకు ఫోను చదివి వినిపించేదీ, బొమ్మలో ఏముందో గూగుల్ తెలుసుకునేదీ ఆ మాటతోనేనట. చీరలన్నిటికీ రంగు, రకం రాశారు. నా బొమ్మ వచ్చేసరికి అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ క్షణం కూడా ఆలోచించకుండా చెప్పింది: "తెల్ల చొక్కా మనిషి. అమ్మకానికి లేదు."

ఇద్దరూ కలిసి ఇలా ఆడుకుంటుంటే నాకు పౌరుషం వచ్చింది. ఎవరో చెప్పిన చిట్కా పట్టుకుని, అందరూ పడుకున్నాక సైటు తెరిచాను. పేజీ అడుగున తెల్లటి ఖాళీ మీద తెల్లటి అక్షరాలతో 'చీరలు చీరలు చెన్నై చీరలు' అని నింపుకుంటూ పోయాను. మనుషులకు కనపడదు, గూగుల్‌కు కనపడుతుంది. తెల్లగుడ్డకు పేరుపడ్డ పేటలో తెలుపు మీద తెలుపు ఎవడు పట్టుకుంటాడని నా ధీమా. అదయ్యాక, పేజీ దేని గురించో గూగుల్‌కు చెప్పడానికంటూ ఉండే కీవర్డుల డబ్బా కూడా నింపాను. తెల్లారాక అమ్మాయి చెప్పింది, ర్యాంకులిచ్చేటప్పుడు ఆ డబ్బా వైపు చూడనే చూడమని గూగుల్ 2009లోనే ప్రకటించిందని. ఆ తెల్లక్షరాల సంగతి మరీ ఘోరం, అది మోసం కింద లెక్క, దొరికితే జాబితా నుంచే ఎత్తేస్తారట. 2006లో బీఎండబ్ల్యూ వాళ్ల జర్మనీ సైటు, గూగుల్‌కు ఒకటి చూపించి జనానికి ఇంకోటి చూపిస్తోందని, కొన్నాళ్లు దాన్నే తీసేశారట.

నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. "విన్నావా, నేనూ బీఎండబ్ల్యూ ఒకే బాపతు" అన్నాను.

"వాళ్లకు కారుందండీ" అంది మా ఆవిడ.

అప్పుడే ఒక కుర్రాడి ఫోను. "సార్, నెలలో ఫస్టు పేజీ గ్యారంటీ." నంబర్ వన్ స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని సాక్షాత్తూ గూగులే రాసిపెట్టిందన్న సంగతి నాకప్పటికి తెలియదు. ఆవిడకు తెలియకుండా డబ్బు కట్టాను. నెల తిరిగేసరికి మా సైటుకు దారి చూపే లింకులు ప్రపంచమంతా మొలిచాయి. ఒకటి జూదం సైటులో, ఇంకోటి మూత్రపిండాల్లో రాళ్లు కరిగించే మందు పక్కన.

అమ్మాయి తల పట్టుకుని, లింకుల సంగతేమిటో చెప్పింది. తొంభైల చివర స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు కుర్రాళ్లు చేసిన ఆలోచన మీదే గూగుల్ లేచింది. ఒక పేజీ మంచిదో కాదో తేల్చాలంటే, దాన్ని ఎవరెవరు చూపిస్తున్నారో, అలా చూపించేవాళ్ల పరపతి ఎంతో చూడాలి. పెళ్లి సంబంధానికి వాకబు చేసినట్టేననుకోండి. "కుర్రాడు బంగారం" అని గుళ్లో పూజారి చెబితే ఒక లెక్క, పేకాట క్లబ్బు ముందు నిలబడ్డవాడు చెబితే ఇంకో లెక్క. నేను డబ్బిచ్చి మరీ పేకాట క్లబ్బంతటి చేతా చెప్పించుకున్నాను. ఇలా కొనుక్కున్న లింకుల పని పట్టడానికి 2012లోనే గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చిందట. ఆ పక్షి బొమ్మ ఎక్కడ కనపడినా నేనిప్పటికీ తల దించుకుంటాను. కట్టిన డబ్బు ఆవిడకు ఎలా తెలిసిందని మాత్రం అడక్కండి. మీ ఆవిడకు ఎలా తెలుస్తుందో అలాగే తెలిసింది.

ఇంత జరిగినా పొద్దున్నే ఫస్టు చూసుకునే వ్రతం మానలేదు. పైగా ప్రచారం కూడా మొదలుపెట్టాను. 2019లో మా పేట దాకా మెట్రో వచ్చాక సైదాపేటలో మా వియ్యంకుడి ఇంటికి వెళ్లడం సులువైంది. భోజనాలయ్యాక ఆయన ఫోను తీసుకుని, "'దగ్గర్లో చీరల షాపు' అని కొట్టండి బావగారూ, ఎవరొస్తారో చూడండి" అన్నాను. వచ్చినవాళ్లలో మేము లేము. ఆయన మర్యాదస్తుడు, వేలితో తోస్తూనే ఉన్నారు. అంతా టీ నగర్ షాపులే. ఇంకా తోశారు, ఇంకా టీ నగర్. చివరికి "చార్జింగు అయిపోతోంది బావగారూ" అని ఫోను పక్కన పెట్టేశారు.

ఇంటికొచ్చి ఏడిస్తే అమ్మాయి విడమరిచి చెప్పింది. చుట్టుపక్కల షాపులు చూపించేటప్పుడు గూగుల్ చూసేవి మూడు: అడిగిన సరుకుకు మనం సరిపోతామా, అడిగినవాళ్లకు ఎంత దూరంలో ఉన్నాం, మనకు పేరెంత. నేను రోజూ చేస్తున్నట్టు కొట్టు పేరే పెట్టి వెతికితే కొట్టు కాక ఇంకేం కనపడుతుంది?

టీ నగర్‌లో 'టీ' అంటే ఎవరనుకున్నారు, మా త్యాగరాయ చెట్టిగారే! మన తెలుగాయన, నేత కులాన పుట్టిన మనిషి. ఆయన పేరిట కాలేజీ మా పేటలో ఉంది, 2021లో ఆ కాలేజీ పేరుతో మెట్రో స్టేషను కూడా వచ్చింది. "మనాయన పేరు పెట్టుకుని మన బేరాలన్నీ పట్టుకుపోతున్నారు" అని గుండె బాదుకున్నాను. మా ఆవిడ శాంతంగా విని, "ఆయన పేరంత పేరు మనకెలాగూ రాదు. ముందు మ్యాపులో ఆదివారం మధ్యాహ్నం మూసేస్తామని రాయండి, పాపం జనం ఎండలో వచ్చి తిరిగిపోతున్నారు" అంది.

ఏ మ్యాపు అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి. రోజూ పొద్దున నేను చూసి మురిసిపోయే ఆ 'ఫస్టు' నా వెబ్‌సైటు కాదు. మా ఆవిడ ఎప్పుడో అమ్మాయి చేత గూగుల్‌లో పెట్టించిన షాపు వివరాలు. చిరునామా, ఫోను, ఫొటోలు అన్నీ ఆవిడవే. మరి నా వైభవం ఎక్కడ? ఎక్కడా లేదు. సైటు కట్టిన కొత్తలో సెట్టింగుల్లో 'సెర్చ్ ఇంజన్లను రానివ్వద్దు' అనే గడి కనపడితే, పక్క కొట్టువాళ్లు మన డిజైన్లు కాపీ కొడతారేమోనని టిక్కు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. తలుపుకు లోపల గడియ పెట్టుకుని, చుట్టాలు రావడం లేదని అన్నాళ్లూ అలిగాను.

గడియ తీశాక పేజీలు రాసింది మా ఆవిడ. రాసింది అంటే, కూర పోపు పెడుతూ చెప్పింది, అమ్మాయి టైపు చేసింది. "కొట్టుకొచ్చే ఆడవాళ్లు ఏమని అడుగుతారో అదే పెట్టు. పెళ్లికి పెట్టుబడి చీరలు ఎంతలో ఉన్నాయి? ఎన్ని తీసుకుంటే హోల్‌సేల్ రేటు? జిప్పు నైటీలు ఉన్నాయా? ఇన్‌స్కర్టు రంగు దిగుతుందా? ఆడి మాసంలో అమ్మవారికి పెట్టే చీర ఎంత? తీసుకున్నది మార్చుకోవచ్చా?" ఒక్కో సరుకుకు ఒక్కో పేజీ, దానికి ఆ సరుకు పేరే, పక్కన పేట పేరు. పేటను కూడా ఒకచోట వాషర్‌మన్, ఇంకోచోట వాషర్‌మెన్, మరోచోట వణ్ణారపేట్టై అని నా ఇష్టమొచ్చినట్టు రాసి ఉంచితే, చిరునామా అన్నిచోట్లా ఒకేలా దిద్దించింది.

జనం ఏ మాటలు కొట్టి మన సైటు దాకా వస్తున్నారో గూగులే ఉచితంగా చూపిస్తుంది, దాన్ని సెర్చ్ కన్సోల్ అంటారు. కొన్ని నెలలకు అమ్మాయి తెరిచి చూపించింది. పైన పెట్టుబడి చీరలు, ఆ కింద ఇన్‌స్కర్టులు, నైటీలు. వస్త్ర వైభవం కోసం ఒక్క మనిషి రాలేదు. అడుగున ఎక్కడో మా కొట్టు పేరుంది. అది కొట్టేది నేనే అయ్యుంటానని అమ్మాయి అనుమానం.

ఇప్పుడు నాకు అప్పగించిన పని రివ్యూలకు జవాబివ్వడం. ఎవరేం రాసినా ఓనరు మర్యాదగా బదులు చెప్పాలట. మొన్న ఒకావిడ నాలుగు చుక్కలిచ్చి రాసింది: "సరుకు మంచిది. అమ్మగారు విసుక్కోకుండా చూపిస్తారు. అయ్యగారు ఫోనులో ఉంటారు."

దీన్ని తీయించే మార్గం ఉందా అని అమ్మాయిని చాటుగా అడిగాను.

"బూతులు రాస్తేనో, అబద్ధాలు రాస్తేనో ఫిర్యాదు చేయొచ్చు నాన్నా" అంది.

మా ఆవిడ వంటింట్లోంచి కేకేసింది. "'ధన్యవాదాలు, మళ్లీ రండి' అని కొట్టండి. వైభవం గీభవం వద్దు."