జనగణమనకు ముందు మాస్టారే చెప్పులు విప్పాలి

మాస్టారూ, మీరు ఈ మధ్యే పీఈటీగా చేరారు. మండల పోటీలో గ్రిగ్ పోటీలో, ఏదో ఒకటి త్వరలోనే మీ గ్రౌండులో పెట్టక తప్పదు. (గ్రిగ్ అంటే మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో విద్యాశాఖ డైరెక్టరుగా చేసిన దొర. దొర పోయాడు, ప్రెసిడెన్సీ పోయింది, ఆటలకు పెట్టిన పేరు మాత్రం మన నోళ్లలో ఉండిపోయింది.) ఆట ఎలా నడపాలో మీకు ట్రైనింగులో నేర్పారు. ఆటకు ముందు అరగంట ఎలా నడపాలో ఎవరూ నేర్పరు. జెండా, జనగణమన, ప్రతిజ్ఞ, దీపం, కొబ్బరికాయ, ప్రసంగాలు. పిల్లలకు దేశమంటే ఏమిటో, దేవుడంటే ఏమిటో ఆ అరగంటలో పట్టుబడాలి. లేకపోతే రెండూ ఎండలో నిలబెట్టే శిక్షల్లాగానే గుర్తుండిపోతాయి.

జగ్గయ్యపేట, నందిగామ వైపు ముప్పై ఏళ్లకు పైగా ఆ అరగంటను నెత్తిన పెట్టుకున్నాను. నా పద్ధతులు తలకిందులనీ, పాటిస్తే మాటలు పడాల్సి వస్తుందనీ తోటి మాస్టార్లు చెప్పేవారు. మాటలు పడ్డాను కూడా. అయినా ఇక్కడ రాసినదాంట్లో ఒక్కటీ వెనక్కి తీసుకోను.

మొదటి పని, పోటీల రోజు తెల్లారకముందే గ్రౌండుకు వెళ్లి చెప్పులు విప్పండి. పిల్లలు వరసల్లో నిలబడే చోటంతా ఒట్టి కాళ్లతో నడవండి. కోర్టులో కాదు, కోర్టును ఎలాగూ చూసుకుంటారు. జెండా కర్ర ముందు, ఎవరూ ఊడవని ఆ జాగాలో నడవండి. మన మెట్టలో నల్లరేగడి ఎండితే నెర్రెలిస్తుంది, నెర్రెల పక్కన పల్లేరు పాకుతుంది, గోడవారన సర్కారు తుమ్మ ఉండనే ఉంటుంది. మీ కాలికి గుచ్చుకున్న ప్రతి ముల్లూ ఒక పిల్లవాడికి తప్పిన ముల్లు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేనొక పిల్లవాణ్ణి కొట్టాను. ఖోఖో జట్టు కుర్రాడు, ఎనిమిదో తరగతి. జనగణమన సగంలో ఉండగా కాలు ఎత్తి దించాడు, మళ్లీ ఎత్తాడు, చివరి జయహేకి ముందు వంగి కూర్చున్నాడు. ఊరి పెద్దలంతా చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పాట అయిపోగానే వెళ్లి చెంప మీద కొట్టాను. వాడు ఏడవలేదు, ఏమీ అనలేదు. అరికాలు తిప్పి చూపించాడు. అందులో మూడు పల్లేరుకాయలు దిగి ఉన్నాయి. వాటి మీద సగం పాట దాకా కదలకుండా నిలబడ్డాడు. అంత గౌరవం ఆ రోజు ఆ గ్రౌండులో ఇంకెవరం చూపించలేదు, నేనైతే అసలే కాదు. వాడికి క్షమాపణ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక ముఖ్య అతిథి కోసం ఆగకండి. తొమ్మిదన్నారా, తొమ్మిదికి జెండా ఎగరాలి. ఆయన రాకపోతే బడిలో అందరికంటే ముందొచ్చి తాళాలు తీసే అటెండరు చేత ఎగరేయించండి. జెండా ముడి కట్టేది ఎలాగూ ఆయనే. ప్రొటోకాల్ తప్పిందని మీకు మెమో వస్తే రానివ్వండి. నాకొకసారి వచ్చింది, దాన్ని దాచుకున్నాను. పిల్లలు పొద్దున ఆరింటికి పల్లెల నుంచి ఆటోల్లో బయలుదేరతారు, సగం మంది ఏమీ తినకుండా. అతిథి పదిన్నరకొస్తే అప్పటిదాకా వరసల్లో నిలబెడతారు. కళ్లు తిరిగి పడిపోయిన పిల్లకు దేశభక్తి ఎక్కించామని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా? వరసలు కట్టించే ముందు ప్రతి పిల్లకూ నీళ్లు తాగించండి. అతిథులకు వేదిక మీద కుర్చీలు వేయించకండి. జెండా, జనగణమన సాగే ఆ పది నిమిషాలు అందరూ ఎండలో పిల్లల పక్కనే నిలబడాలి, ఎంత పెద్దవారైనా సరే. మోకాళ్ల నొప్పులున్న ముసలివారికి మాత్రం వేపచెట్టు కింద కుర్చీ వేయించండి. అంతకుమించి మినహాయింపు వద్దు.

జనగణమన మొదలయ్యాక పిల్లల వైపు చూడకండి. ఎవడు పాడుతున్నాడు, ఎవడు పెదవులు కదపడంలేదు అని వెతక్కండి. మీ కళ్లు జెండా మీద ఉండాలి. మాస్టారు జెండాను చూస్తే పిల్లలు జెండాను చూస్తారు. మాస్టారు పిల్లల్ని చూస్తుంటే పిల్లలు మాస్టారి బెత్తాన్ని చూస్తారు. క్రమశిక్షణ చెడుతుందంటారు. చెడదు, మొదటి రెండు రోజులు కాస్త ఊగుతుంది అంతే.

పాడని పిల్లవాణ్ణి ఏం చేయాలని అడుగుతారు. ఏమీ చేయకూడదు. ఈ మాట నాది కాదు, సుప్రీంకోర్టుది. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబంలోని ముగ్గురు పిల్లలు రోజూ జనగణమనకు మర్యాదగా లేచి నిలబడేవారు, తమ మతవిశ్వాసం కారణంగా పాడేవారు కాదు. 1985 జులైలో వాళ్లను బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టు 11న ఆ కేసులో తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గౌరవంగా నిలబడితే చాలు, పాడి తీరాలనే చట్టం ఏదీ లేదు, పిల్లల్ని మళ్లీ చేర్చుకోండి అన్నారు. జెండాకు వందనం చేయనన్న పిల్లల విషయంలో అమెరికా సుప్రీంకోర్టు 1943లోనే ఇలాంటి తీర్పిచ్చింది. మన దగ్గర 1971 చట్టం ఒకటుంది. కావాలని జాతీయగీతాన్ని అడ్డుకున్నా, పాడేవాళ్లను చెదరగొట్టినా మూడేళ్ల దాకా జైలు. అది అడ్డుకునేవాళ్ల కోసం, మౌనంగా నిలబడ్డ పిల్లవాడి కోసం కాదు. ఆ మాటకొస్తే, పాట మధ్యలో వరసల మధ్య తిరుగుతూ వీపుల మీద చరిచే మాస్టారే ఆ సభను ఎక్కువ చెదరగొడతాడు. తీర్పు ఒక కాపీ తీసి జేబులో పెట్టుకోండి. ఎవరైనా నాయకుడు ఆ పిల్లవాడి మీద కేకలేస్తే తీసి చదవండి. గొంతు వణికినా చదవండి.

మైకు ఆపేయండి. పెన్‌డ్రైవ్‌లో పాట అసలే వద్దు. అధికారిక లెక్క ప్రకారం జనగణమనకు సుమారు 52 సెకన్లు. పిల్లలు సొంత గొంతుతో పాడితే వెనక వరస ఆలస్యంగా అందుకుంటుంది, నిమిషం దాటుతుంది, శ్రుతి తప్పుతుంది. తప్పనివ్వండి. 1919 ఫిబ్రవరిలో టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఉన్నప్పుడు ఈ పాట పాడి వినిపిస్తే అక్కడి పిల్లలు గొంతు కలిపారు. ఆ కళాశాలలోనే ఉన్న మార్గరెట్ కజిన్స్ ఆ బాణీని స్వరాల్లో రాసిపెట్టింది. అప్పుడు మైకూ లేదు, రికార్డూ లేదు. స్పీకరు మోగుతుంటే పిల్లలు నోరు మూసుకుని వింటారు, పాట వాళ్లది కాకుండా పోతుంది.

దేవుడి విషయంలో మైకు ఇంకా తప్పు. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. గుర్తింపు పొందిన బడైనా, ఎయిడెడ్ బడైనా, పెద్దల ఒప్పుదల లేకుండా పిల్లల్ని ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. అమెరికాలో టెక్సాస్‌లోని ఒక బడి, ఫుట్‌బాల్ ఆటకు ముందు విద్యార్థి చేత మైకులో ప్రార్థన చదివించేది. 2000లో అక్కడి సుప్రీంకోర్టు అది కుదరదంది. బడి గ్రౌండులో బడి మైకులో వినపడితే అది బడి ప్రార్థనే అవుతుందని ఆ కోర్టు చెప్పింది. 2022లో అదే కోర్టు, ఆట అయ్యాక గ్రౌండులో మోకరిల్లి తన ప్రార్థన తాను చేసుకున్న కోచ్ పక్షాన నిలిచింది. నేనైతే మాస్టారు పిల్లల మధ్య తన దేవుణ్ణి చూపించుకోకూడదంటాను, కోర్టు ఏమన్నా సరే. జట్టులో చోటు మీ చేతిలో ఉన్నప్పుడు మీరు దండం పెడితే పిల్లవాడూ పెడతాడు, భక్తితో కాదు.

అలాగని దేవుణ్ణి గ్రౌండు బయట నిలబెట్టమని నేను అనడంలేదు. ఎలా అంటాను? వేదాద్రి నరసింహస్వామి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కొలువైన నేల ఇది. ధనంబోడు మీద బౌద్ధస్తూపం ఉన్న ఊరు జగ్గయ్యపేట. ఒకే కబడ్డీ జట్టులో అయ్యప్ప మాల వేసుకున్నవాడు, జుమ్మా నమాజు తప్పనివాడు, ఆదివారం చర్చిలో తబలా వాయించేవాడు ఉంటారు. జట్లను పిలిచే ముందు ఒక్క నిమిషం ఖాళీగా వదిలేయండి. ప్రార్థన అనకండి, మౌనం అనకండి, పేరే పెట్టకండి. చూస్తూ ఉండండి, చేసుకునేవాళ్లు చేసుకుంటారు. ఒకడు బొటనవేలితో నేల మీద ఏదో గీస్తాడు, ఒకడు పెదవుల మీద బిస్మిల్లా అంటాడు, ఒకడు ఊరికే నడుం తిప్పుతాడు. అవన్నీ సమానమే.

కొబ్బరికాయ కొట్టకుండా ఊరివాళ్లు ఊరుకోరు. వాళ్లతో తగాదా పెట్టుకోకండి, కానీ కోర్టు మధ్య కొట్టనివ్వకండి. చిప్ప ముక్క ఒకటి మట్టిలో దిగబడితే రైడుకొచ్చినవాడి మోకాలు చీలుతుంది. గోడ బయట రాయి చూపించండి. నిమ్మకాయలూ అక్కడే. మాల వేసుకున్న కుర్రాణ్ణి మాల తీయమనకండి, తీయకుండా కబడ్డీలో దింపకండి కూడా. పట్టులో ఆ పూసలు వేళ్లు తెంపుతాయి. వాళ్ల గురుస్వామి దగ్గరకు మీరే వెళ్లి కూర్చుని మాట్లాడండి, దీక్ష ఉన్న ఆ నలభై ఒక్క రోజులూ పరుగుపందెంలో పెట్టండి. రోజా ఉన్న పిల్లవాడి ఆట పొద్దున్నే పెట్టేయండి, షెడ్యూలు మార్చినందుకు ఎవరేమన్నా సరే. ఇక బరిలోకి దిగే ముందు ప్రతి పిల్లవాడూ ముగ్గుగీతను తాకి కళ్లకద్దుకుంటాడే, ఏ మతంవాడైనా, ఎవరూ నేర్పకుండానే, ఆ క్షణంలో మాత్రం విజిల్ ఊదకండి. వాడి చెయ్యి కిందికి దిగేదాకా ఆగండి.

ప్రతిజ్ఞ దగ్గర నేను చేసేది చూసి ఒక పెద్దాయన కోపంతో వెళ్లిపోయారు. అయినా మీకు చెబుతున్నాను. ప్రతిజ్ఞ చేసేటప్పుడు పిల్లల్ని జెండా వైపు కాకుండా ఎదుటి జట్టు వైపు తిప్పండి. రెండు జట్లూ ముఖాముఖి, చేయి చాచితే అందేంత దూరంలో. ఆ ప్రతిజ్ఞ రాసింది నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకటసుబ్బారావు. 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉండగా తెలుగులో రాశారు. అది దేశమంతటి బడుల్లోకీ వెళ్లింది. అందులో దేశంతో పాటు తోటి మనుషులూ ఉన్నారు. తోబుట్టువని ఎవరిని అంటున్నామో వాడి ముఖం చూడకుండా అంటే ఎలా? కోదాడ నుంచి జట్టు వచ్చినప్పుడు చేసి చూడండి. మధ్యలో రాష్ట్రాల సరిహద్దు ఉంది, వాళ్ల రాష్ట్రగీతం వేరు, మన రాష్ట్రగీతం వేరు. ప్రతిజ్ఞ ఒక్కటే, అదీ తెలుగులో పుట్టినది. మొదటి రెండు వాక్యాలకు పిల్లలు నవ్వాపుకోలేరు. మూడో వాక్యానికి సర్దుకుంటారు. ఆ రోజు ఆటలో బూతులు తగ్గుతాయి, ఇది నేను చాలాసార్లు చూశాను.

ప్రసంగం ఒక్కటే ఉండాలి, అది మీరే చేయాలి, మూడు నిమిషాలు. జెండా రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య మన ఉమ్మడి కృష్ణా జిల్లా భట్లపెనుమర్రు వాడనీ, పత్తి మీద చేసిన పనికి పత్తి వెంకయ్య అని పిలిపించుకున్నాడనీ పత్తిచేల నుంచి వచ్చిన పిల్లలకు చెప్పండి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో గాంధీ చేతికి ఆయన జెండా అందించాడని చెప్పండి. అప్పట్లో చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉండగా పరిటాల నిజాం జాగీరుగా ఉండేదనీ, 1947 ఆగస్టు 15 నాటికి పక్క ఊళ్లకు వచ్చిన స్వాతంత్ర్యం ఆ ఊరికి ఇంకా రాలేదనీ చెప్పండి. పిల్లలు రోజూ బస్సులో దాటే ఊరది. ఇంకేం చెప్పనక్కర్లేదు.

సాయంత్రం జెండా దింపే పని ఓడిన జట్టుకివ్వండి. కప్పు గెలిచినవాళ్ల చేతిలో ఉంటుంది, ఫొటో వాళ్లది, చప్పట్లు వాళ్లవి. ఓడినవాళ్లు సంచులు సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బస్టాండుకు నడుస్తారు. వాళ్లను ఆపి కెప్టెన్ చేతిలో తాడు పెట్టండి. ఓడిన చేతులతో జెండా దింపిస్తావా, అపశకునం అని నన్ను నలుగురిలో తిట్టారు. దేశం జెండాకు శకునాలేమిటి? ఎగరేసేటప్పుడు చురుగ్గా, దింపేటప్పుడు నెమ్మదిగా అని ఫ్లాగ్ కోడ్ చెబుతుంది. ఓడిన పిల్లలు దింపినంత నెమ్మదిగా ఎవరూ దింపరు. నేల తగలకుండా నలుగురూ అంచులు పట్టుకుని మడతపెడుతుంటే ఒకసారి చూడండి, వాళ్లలో ఏడుస్తున్నవాడు కూడా చేతులు వణక్కుండా పట్టుకుంటాడు.

ఒక్క పని మాత్రం ముందురోజు సాయంత్రమే చేసుకోండి. జెండా కర్ర పైన గిలక తుప్పుపట్టి ఉంటుంది, అటెండరును నిచ్చెన ఎక్కించి ఒక చుక్క నూనె వేయించండి. నిచ్చెన మీరు పట్టుకోండి. బంతిపూలు నిండుగా పెడితే బరువుకు ముడి బిగుసుకుపోతుంది. రేకలు తుంచి గుప్పెడు పెట్టండి, అవి లోపల ఉండొచ్చు, కోడ్ ఒప్పుకుంటుంది. కర్ర మీద మాత్రం దండ వేయకూడదు. కాషాయం పైకి వచ్చిందో లేదో చూసి జారుముడి వేసి, తాడు లాగి చూడండి. విడిపోకపోతే విప్పి మళ్లీ కట్టండి.